టీచరమ్మ గెల్చుకున్న హోటల్

మా మేడ మీది గదిలో ఇద్దరు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. ఒకడిది తెనాలి, ఒకడిది కరీంనగర్. పొద్దున్నే కంప్యూటర్ క్లాసులని మైత్రీవనం వైపు పోయి మధ్యాహ్నానికి ఆకలితో తిరిగొస్తారు. మొన్న ఒకరోజు తెనాలి అబ్బాయి మెట్ల మీద కూర్చుని, "తాతగారూ, మీ మొదటి ఉద్యోగం ఏంటండీ?" అని అడిగాడు.

"ఇక్కడే, పంజాగుట్టలో, ఒక పెద్ద హోటల్లో. అయిదు నెలలు చేశాను. నా పొరపాటు వల్ల ఆ హోటల్ కుర్చీలు, బల్లలు, పియానోతో సహా ఒక రిటైరైన టీచరమ్మ గదిలోకి చేరాయి. అక్కడితో నా నౌకరీ పోయింది," అన్నాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. కరీంనగర్ అబ్బాయి మెల్లగా, "తాత మజాక్ జేస్తుండురా," అన్నాడు.

నేను మజాక్ చేయడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందు మాట. అప్పట్లో పంజాగుట్ట అంటే బండరాళ్లు, సీతాఫలం పొదలు, మధ్య మధ్య నవాబుల తోట బంగళాలు. అలాంటి బంగళా ఒకటి ఉన్న నవాబు సాబ్ విలాయతు వెళ్లి, అక్కడ సముద్రం ఒడ్డున ఏదో గొప్ప హోటల్లో నెలరోజులు దిగాడు. ఆ హోటల్లో జూదశాల ఉందట. తిరిగొచ్చాక ఆయనకు మన ఊరు నచ్చలేదు. తన బంగళాను అచ్చం అలాంటి హోటల్‌గా మార్చాలని కూర్చున్నాడు. పాలరాయి మెట్లు వేయించాడు, గదికో విద్యుత్ పంకా పెట్టించాడు. సముద్రం లేని లోటు తీరడానికి ముందు తోటలో కొలను తవ్వించి, అందులో రెండు పడవలు వదిలాడు. కొలను ఎంతుండేదంటే, రెండో పడవ కదలాలంటే మొదటి పడవను ఒడ్డుకు లాగాల్సి వచ్చేది.

అన్నిటికంటే ముఖ్యమైనది అంకెల చక్రం. పెద్ద పెట్టెలో, గడ్డి మధ్య చుట్టి, ఓడలో తెప్పించాడు. గుండ్రటి పళ్లెంలాంటి చక్రం, అంచు చుట్టూ అంకెలు రాసిన గుంటలు. చక్రాన్ని ఒకవైపు తిప్పి, తెల్లటి గోలీని ఇంకోవైపు వదిలితే అది దొర్లి దొర్లి ఏదో ఒక గుంటలో పడుతుంది. ఆ అంకె మీద పందెం కాసినవాళ్లు గెలిచినట్టు.

అయితే నవాబు సాబ్ తల్లి, పెద్ద బేగం సాహెబా, మేడ మీద పరదా వెనుక ఉండేది. తన ఇంట్లో పైసాతో జూదం ఆడితే ఆ రోజే తాను ఇల్లు వదిలి హజ్‌కు పోతానంది. నవాబు సాబ్ రెండు రోజులు అలిగి, చివరికి ఉపాయం కనిపెట్టాడు. డబ్బు ఉండదు. సాయంత్రం టీతో పాటు ప్రతి అతిథికీ కొన్ని దంతపు బిళ్లలు ఊరికే ఇస్తారు. గెలిచిన బిళ్లలకు అద్దాల బీరువాలోంచి నచ్చిన వస్తువు ఇస్తారు. దీపాలు పెట్టే వేళకు ఆట బంద్. నవాబు సాబ్‌కు దర్జా ఎక్కువ. కాబట్టి నియమాల బోర్డు మీద చివర స్వహస్తంతో ఇంకో వాక్యం రాశాడు: "బీరువా ఖాళీ అయినచో, అతిథి ఈ హోటల్లోని ఏ వస్తువునైనా కోరవచ్చును." బీరువా ఖాళీ అవుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆ బోర్డు తగిలించి హాయిగా ఊటీ వెళ్లిపోయాడు.

నేను అక్కడ ఫర్నిచర్ గుమాస్తాను. మా నాన్న అదే బంగళాలో తోటమాలి. మా ఇంట్లో చేతికి మట్టి అంటని ఉద్యోగం చేసిన మొదటివాణ్ని నేనే. చర్చిలో పాస్టరు గారు ఉత్తరం రాసిస్తే ఆ పని దొరికింది. ఆదివారం ప్రార్థనయ్యాక మా నాన్న నన్ను నలుగురికీ చూపించి, "మావోడు కుర్సీల ఆఫీసరు," అని చెప్పుకునేవాడు. ఇరవై రెండేళ్లవాణ్ని. ఆ మాట నేనూ నమ్మాను.

ఇక నా తప్పు. చక్రం పెట్టిన బల్ల ఒక కాలు దగ్గర కదిలేది. హాలు నేలంతా షాబాదు బండలు, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. చక్రం తిప్పే ఆయన గోవా నుంచి వచ్చినవాడు, బొంబాయి క్లబ్బుల్లో చాలా ఏళ్లు పనిచేసినవాడు. మేమంతా చక్రం మాస్టరు అనేవాళ్లం. మొదటి అతిథులు వచ్చే రోజు మధ్యాహ్నం ఆయన నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు.

"బాబూ, బల్ల ఊగుతా ఉంది. ఊగే బల్ల మీద నేను చెయ్యి పెట్టను. మిస్త్రీని పిలువు."

ఆ రోజు శుక్రవారం. మా వడ్రంగి మిస్త్రీ చాచా నమాజుకు వెళ్లాడు. అతను వచ్చేదాకా ఆగి ఉంటే నా కథ వేరేగా ఉండేది. కానీ కుర్సీల ఆఫీసరు ఆగుతాడా? వెనకవైపు చెత్తలో విరిగిన చెక్క చెప్పు ఒకటి కనిపించింది, స్నానాల గదిలో వేసుకునే రకం. దాని మడమ ముక్క తెచ్చి, నలుగురు పనివాళ్లతో బల్ల ఎత్తించి, కాలి కింద దూర్చాను. బల్ల రాయిలా నిలబడింది. చక్రం మాస్టరు బల్లను చేత్తో తట్టి చూసి, "శాబాష్" అన్నాడు. అంత మెచ్చుకోలు నాకు ఆ తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలోనూ దక్కలేదు.

రెండు వారాలకు టీచరమ్మ వచ్చింది.

ఆమెది గుంటూరు వైపు. మిషన్ బడుల్లో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఆమె దగ్గర చదువుకున్న ఒక జాగీర్దారు కూతురు, టీచరమ్మకు గుండె దడ అని విని, మంచి గాలి పడుతుందని మా హోటల్లో ఇరవై రోజులకు గది తీసిచ్చింది. తెల్లచీర, నల్ల గొడుగు, ఒక రేకు పెట్టె. టాంగా దిగగానే పాలరాయి మెట్ల వైపు చూసి నన్ను అడిగింది:

"ఏంటి నాయనా, ఇది సత్రమేనా? ఎవరో రాజుగారి ఇంటికి తెచ్చాడా ఈ టాంగా అబ్బాయి?"

"హోటలే టీచరమ్మా."

"మరి ఇంత నిగనిగలాడుతోందేం? కాలు జారదూ?"

అలా మెట్ల పక్కన మట్టిలోంచి నడిచి లోపలికి వచ్చింది. ఆమె ఉన్నన్నాళ్లూ అదే దారి.

సాయంత్రం టీతో పాటు బిళ్లలు ఇచ్చారు. ఆమె వాటిని బిస్కెట్లనుకుని ఒకటి కొరికింది. చక్రం మాస్టరు వంగి, మర్యాదగా, ఆట ఎలాగో చెప్పాడు. డబ్బు లేదని రెండుసార్లు అడిగి నిర్ధారించుకుంది. "అయితే మా చర్చి సంతలో చీట్లు తీసినట్టన్నమాట," అని సంతోషించి, ఇరవై మూడు మీద ఒక బిళ్ల పెట్టింది.

"ఇరవై మూడెందుకమ్మా?" అన్నాడు మాస్టరు.

"నేను మొదట పాఠం చెప్పిన క్లాసులో ఇరవై ముగ్గురు ఆడపిల్లలు. అందరూ పాసయ్యారు."

గోలీ దొర్లింది. ఇరవై మూడులో పడింది. హాలంతా చప్పట్లు. టీచరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లందరికీ దండం పెట్టి, బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా తీసుకుంది.

మర్నాడు రెండుసార్లు గెలిచింది. ఆ మర్నాడు మూడుసార్లు. మిగతా అతిథులు టీచరమ్మ అంకెను మర్యాదకు ఆమెకే వదిలి, పూటకో అంకె మీద పందెం కాసేవారు. ఆమె మాత్రం ఇరవై మూడు వదలదు. గోలీ కూడా దాన్ని వదలదు. వెండి చెంచాలు పోయాయి, పింగాణీ టీ సెట్టు పోయింది, గోడ గడియారం పోయింది. నాలుగో రోజుకు బీరువా ఖాళీ. అయిదో రోజు ఆమె బోర్డు ముందు నిలబడి, కళ్లజోడు సవరించుకుని, చివరి వాక్యం పైకి చదివింది.

"ఏ వస్తువునైనా అంటే, ఈ బీరువా కూడానా?"

మేనేజర్ సాబ్ నవ్వాడు. అత్తరు పూసుకుని, ఎప్పుడూ ఇస్త్రీ నలగని షేర్వానీలో ఉండే మనిషి. "బీరువా ఏంది టీచరమ్మా, మీ ఇష్టం. నవాబు సాబ్ జుబాన్ అంటె జుబాన్," అన్నాడు.

ఆ నవ్వు ఆయన ముఖం మీద మళ్లీ కనిపించలేదు.

బీరువా ఆమె గదికి మోయించాను. పుస్తకాలు పెట్టుకోవడానికి పనికొస్తుందట. తర్వాత భోజనానికి పిలిచే ఇత్తడి గంట అడిగింది. గంట గదిలో పెట్టిస్తుంటే గడియారం వైపు చూసింది, బీరువా వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాయనా, గడియారం ఉంది, గంట ఉంది, పుస్తకాల బీరువా ఉంది. ఇంకా బెంచీలుంటే బడి అయిపోదూ?"

నేను అవునన్నాను. అనకుండా ఉండాల్సింది.

మా అమీర్‌పేటలో అప్పుడు ఆడపిల్లలకు బడి లేదు. ఆ సంగతి ఆమె తోటలో మా నాన్నను అడిగి తెలుసుకుంది. ఆ రోజు నుంచి ఆమె ముఖంలో గుండె దడ ఉన్న మనిషి ఆనవాళ్లు లేవు. టీకి అరగంట ముందే వచ్చి చక్రం పక్కన కూర్చునేది. భోజనశాలలోని పొడుగు బల్లలు రెండూ గెలిచింది. మఖ్మల్ కుర్చీలు నాలుగు, తర్వాత ఎనిమిది, తర్వాత ఇరవై, చివరికి నలభై. ప్రార్థన పాటలకని పియానో గెలిచింది. దాన్ని ఆమె వరండాకు చేర్చేసరికి మా ఆరుగురి నడుములూ పోయాయి. ఆ పైన ఒకరోజు మేనేజర్ సాబ్ ఆఫీసు గుమ్మంలో నిలబడి, "ఆ కుర్చీ గట్టిగా ఉన్నట్టుంది," అంది. మేనేజర్ సాబ్ అందులో కూర్చుని ఉన్నాడు. లేచాడు. ఆ రోజు నుంచి ఆయన నిలబడే సంతకాలు పెట్టాడు.

హోటల్లో కూర్చోవడానికి చోటున్నది ఒక్క టీచరమ్మ వరండాలోనే. అతిథులంతా అక్కడికే చేరేవారు. కాళ్లు తుడుచుకోనిదే ఎవరినీ ఎక్కనిచ్చేది కాదు. ఒక జడ్జి గారిని రెండుసార్లు వెనక్కి పంపింది.

మేనేజర్ సాబ్ చేయని ప్రయత్నం లేదు. గోలీ మార్పించాడు. చక్రాన్ని ఎదురువైపు తిప్పించాడు. చక్రం మాస్టరు చేత ఎడమ చేత్తో తిప్పించాడు, కళ్లకు గంతలు కట్టి తిప్పించాడు. కళ్లు కనబడక మాస్టరు ఒకసారి గోలీని పాలగిన్నెలో వేశాడు. వంటాయన బల్లకు నిమ్మకాయలు కట్టాడు. ఊదు పొగ వేశారు. ఆ పొగకు అతిథులంతా దగ్గుతుంటే ఆ దగ్గుల మధ్య గోలీ నింపాదిగా ఇరవై మూడులో పడింది.

"దేవుడి మీద ఒట్టు, నా చెయ్యి సాఫ్ సాబ్," అన్నాడు చక్రం మాస్టరు, అరచేతులు చూపించి. కళ్లలో నీళ్లు. "బొంబాయిలో ఎన్నో ఏళ్లు చేశాను, ఒక్క మాట రాలేదు."

"మల్ల గామె ఒక్కామెకే ఎట్ల పడుతుంది? నువ్వు సుత చర్చి మనిషివి, గామె సుత. ఇద్దరు మిలాఖత్ అయిన్రు," అన్నాడు మేనేజర్ సాబ్. "నవాబు సాబ్ ఊటీ నుంచి రానీ. నీ సంగతి, గామె సంగతి ఆయన ముందే తేలుస్త."

నేను పక్కనే ఉన్నాను. నాకు అప్పటికి ఏమీ తెలియదు. ఆ సాయంత్రమే తెలిసింది. చక్రం బల్ల తుడుస్తూ టీ కప్పు ఒకటి ఒలకబోశాను. టీ బల్ల మీద నిలవలేదు. వంకర లేకుండా తిన్నగా, గీత గీసినట్టు, ఒకే వైపుకు పారింది. ఆ వైపే చక్రంలో గోలీ ఆగే చోటు. నేను వంగి కిందకు చూశాను. నా చెక్క చెప్పు ముక్క అక్కడే ఉంది.

నేరుగా మిస్త్రీ చాచా దగ్గరకు వెళ్లి చెప్పాను. ఆయన బల్ల కిందకు దూరి, బొటనవేలు గోటితో ఏదో కొలిచి, బయటకు వచ్చి చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"బేటా, గిది చిన్న ముక్కనే. గనీ చక్రానికి గింత చాలు. ఇరవై మూడు దిక్కు జర బరువుంది, చక్రం ఆగేటప్పుడు గదే పల్లానికి వస్తది, గోలీ సుత అటే దొర్లుతది."

"ఏం చేద్దాం చాచా?"

"చెప్తె నీ నౌకరీ పోతది. చెప్పకుంటె టీచరమ్మ హోటల్ మొత్తం పట్కపోతది. కొలను ఒక్కటి మిగుల్తది, అది గూడ మొయ్యరాదని."

నేను దాన్ని చడీచప్పుడు లేకుండా లాగేద్దామనుకున్నాను. మర్నాడు అందరూ మధ్యాహ్నం నిద్రలో ఉండగా బల్ల కింద పడుకుని లాగాను. బల్ల బరువుకు అది బండలో పుట్టినట్టు కూర్చుంది. రెండు కాళ్లూ గోడకు తన్ని లాగుతుంటే నా ముఖం పక్కన నల్ల గొడుగు కొస కనిపించింది.

"ఏం వెతుకుతున్నావు నాయనా?"

"చొక్కా బొత్తాం పోయింది టీచరమ్మా."

ఆమె వంగి నా చొక్కా వైపు చూసింది. "అయిదూ ఉన్నాయిగా?"

"వేరే చొక్కాది."

"వేరే చొక్కా ఇంట్లో ఉంటే బొత్తాం ఇక్కడెలా ఊడుతుంది? సర్లే, ఆ చొక్కా రేపు తీసుకురా."

మర్నాడు మంచి చొక్కాకు ఒక బొత్తాం నేనే తెంపి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆమె గెలుచుకున్న మఖ్మల్ కుర్చీలో కూర్చుని, దారం పళ్లతో కొరికి, కొత్త బొత్తాం కుట్టిచ్చింది. కుడుతున్నంతసేపూ బడి గురించే చెప్పింది. మొదటి నెల అక్షరాలు, రెండో నెల కూడికలు. ఆ కుర్చీలు పిల్లలకు ఎత్తవుతాయి కాబట్టి మిస్త్రీ చాచా చేత కాళ్లు కోయించాలి. నేను తలూపుతున్నాను. ఆ రోజే చెప్పేసి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. నాకు నోరు రాలేదు. ఒక పక్క మా నాన్న ముఖం, ఒక పక్క ఈమె ముఖం. అటు చూస్తే చక్రం మాస్టరు రోజురోజుకూ చిక్కిపోతున్నాడు, అన్నం ముందు కూర్చుని తన కుడిచెయ్యి వైపు చూసుకుంటున్నాడు.

నవాబు సాబ్ ఒక గురువారం తిరిగొస్తున్నానని తంతి ఇచ్చాడు. ఒంటరిగా కాదు, దివాణంలోని పెద్దలు నలభై మందికి టీ విందు ఏర్పాటు చేయమన్నాడు. మేనేజర్ సాబ్ తంతి చదివి, హాలు చూశాడు. హాల్లో చక్రం బల్ల తప్ప ఇంకేమీ లేదు.

"మియా," అన్నాడు నాతో, గొంతు పీలగా. "జర పోయి టీచరమ్మను అడుగు. కుర్సీలు ఒక్క పూటకు ఇస్తదేమో."

అడిగాను.

"అడిగితే ఇవ్వనా?" అంది ఆమె. "కాకపోతే కొన్ని మాటలున్నాయి. కుర్చీలు ఈడ్వకూడదు, ఎత్తి పెట్టాలి. వరసగా వేయాలి. లేచేటప్పుడు ఎవరి కుర్చీ వాళ్లు సర్దాలి. నేనూ ఉంటాను, లేకపోతే పాడుచేస్తారు."

ఆ గురువారం నాలుగింటికి పెద్దలు వచ్చారు. షేర్వానీలు, తలల మీద దస్తార్లు, సూట్లు. గుమ్మం దగ్గర నల్ల గొడుగుతో టీచరమ్మ. "కాళ్లు తుడుచుకోండి బాబూ. ముందు వరస నిండాక రెండో వరస." వాళ్లకు ఇలా చెప్పినవాళ్లు నలభై ఏళ్లలో ఎవరూ లేరనుకుంటాను. నోరెత్తకుండా తుడుచుకుని కూర్చున్నారు. వెనక వరసలో ఇద్దరు గుసగుసలాడితే ఆమె ఇత్తడి గంట ఒక్కసారి కొట్టింది. నవాబు సాబ్ కారు దిగి లోపలికి వచ్చేసరికి, నలభై మంది పెద్దమనుషులు చేతులు ఒళ్లో పెట్టుకుని, చక్రం వైపు తిరిగి నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నారు.

నవాబు సాబ్‌కు అదంతా తన చక్రానికి ఇస్తున్న గౌరవంగా తోచింది. ఉప్పొంగిపోయి, ఆట చూపించమన్నాడు. చక్రం మాస్టరు తిప్పాడు. టీచరమ్మ మామూలుగా ఒక బిళ్ల పెట్టింది. పడింది. నవాబు సాబ్ "వాహ్వా!" అన్నాడు. ఇంకోసారి. మళ్లీ పడింది.

"అడగండి అమ్మా! ఈ హోటల్లో ఏది కావాలన్నా!" అన్నాడు నవాబు సాబ్ చేతులు చాచి.

"గేటు మీద మీ హోటల్ పేరు రాసిన బోర్డు ఉంది కదా బాబూ, అది ఇవ్వండి. వెనకవైపు నల్లరంగు పూస్తే మంచి నల్లబల్ల అవుతుంది," అంది టీచరమ్మ.

మేనేజర్ సాబ్ అప్పటివరకు ఎలాగో ఆపుకున్నాడు. ఇక ఆగలేదు. "హుజూర్! కుర్సీలు పోయినయ్, పియానో పోయింది, నా కుర్సీ పోయింది, ఇప్పుడు పేరు గూడ పోతుంది! గీ మాస్టర్, గా టీచరమ్మ ఇద్దరు మిలాఖత్ అయిన్రు హుజూర్! ధోకా!"

టీచరమ్మ లేచి నిలబడింది. ఆమె లేవగానే బడిలో లాగా నలభై మందీ లేచి నిలబడ్డారు. ఆమె ముఖం తెల్లబడింది. ముప్పై రెండేళ్లు ఒక్కరి చేత మాట పడని మనిషి. చక్రం మాస్టరు బల్ల అంచు పట్టుకున్నాడు.

నా కాళ్లు నన్ను అడగకుండానే కదిలాయి. బల్ల కిందకు దూరాను. "ఎత్తుండ్రి!" అని అరిచాను. ఎవరికి చెప్పానో నాకే తెలియదు. ముందు వరసలోని నలుగురు పెద్దమనుషులు, షేర్వానీలతోనే, బల్ల ఎత్తారు. చెప్పు ముక్క లాగాను. వాళ్లు దించగానే బల్ల మళ్లీ ఊగింది.

"గిది నేనే పెట్టిన హుజూర్. మాస్టర్ తప్పు లేదు, టీచరమ్మకు తెల్వదు. బల్ల ఊగుతుందని పెట్టిన. చక్రం ఒరిగింది. అయిదు రోజుల సంది నాకు ఎరికే. చెప్పనీకి ధైర్యం చాలలే."

నవాబు సాబ్ ఆ ముక్క అందుకుని తిప్పి చూశాడు. దాని మీద చెక్కిన చిన్న మామిడి పిందె ఉంది. ఆయన కళ్లు చిట్లించాడు. "ఇది అమ్మీజాన్ చెప్పు," అన్నాడు నెమ్మదిగా.

మేడ మీద పరదా వెనక నుంచి నవ్వు వినిపించింది. ముందు ఒక చిన్న నవ్వు. తర్వాత ఆపుకోలేని నవ్వు, గాజుల గలగలతో, దగ్గుతో కలిసి. ఆ తర్వాత పెద్ద బేగం సాహెబా గొంతు: "మేరే ఘర్ మే జువా నక్కో బోలీ థీ నా మైఁ! మైఁ నై ఆయీ తో మేరీ జూతీ ఆ గయీ!" నా ఇంట్లో జూదం వద్దని చెప్పానా లేదా, నేను దిగి రాకపోతే నా చెప్పు దిగి వచ్చిందని. నలభై మందీ నవ్వారు. చక్రం మాస్టరు నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. ఆఖరికి నవాబు సాబ్ తానూ నవ్వాడు.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. గొడుగు చేతిలోకి తీసుకుంది.

"అన్నీ వెనక్కి తీసుకోండి బాబూ. లెక్క తప్పితే వచ్చిన మార్కులు ఇవి. నా పిల్లలకు ఇలా వేస్తే నేనే కొట్టేసేదాన్ని. బిస్కెట్లు మాత్రం తినేశాను."

ఆమె వెళ్లబోతుంటే పరదా వెనక నుంచి కబురు వచ్చింది. ఈ ఇంటి సామాను తనదనీ, కొడుకుది కాదనీ, ఆటలో ఓడినందుకు కాదు, బడి కోసం తన చేత్తో ఇస్తున్నాననీ, కాదంటే తన మనసు నొచ్చుకుంటుందనీ. చక్రం ఆ సాయంత్రమే మళ్లీ పెట్టెలోకి, గడ్డిలోకి పోయింది. టీచరమ్మ ఒప్పుకుంది కానీ, పియానో వద్దంది. మోసేవాళ్ల నడుములు చూశానంది. మేనేజర్ సాబ్ కుర్చీ కూడా తనే స్వయంగా ఎత్తి తెచ్చి ఆయన వెనక పెట్టింది. "మీరు నిలబడి రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయండీ," అంది.

మేనేజర్ సాబ్ తన కుర్చీలో హాయిగా వెనక్కి వాలి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, నన్ను పనిలోంచి తీసేశాడు.

చక్రం మాస్టరు వారం తర్వాత బొంబాయి రైలెక్కాడు. నవాబు సాబ్ ఆయనకు మంచి ఉత్తరం రాసిచ్చాడు. టాంగా ఎక్కే ముందు నన్ను కావలించుకుని, "బాబూ, ఎప్పుడైనా బొంబాయి వస్తే మా బల్లల దగ్గరకు మాత్రం రాకు," అన్నాడు. మా నాన్న నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున, "చెప్పినవ్ గదా, చాలు," అని తోటకు వెళ్లిపోయాడు.

పిల్లలారా, తప్పు దాచడంలో కష్టమేమిటో ఆ అయిదు రోజులు నాకు నేర్పాయి. దాచిన తప్పు రోజూ మేపమంటుంది. ఒక అబద్ధానికి ఒక బొత్తాం, దానికి ఇంకో చొక్కా. మీ కంప్యూటర్లలో ఏదైనా తప్పు చేస్తే ఆ సాయంత్రమే ఎవరికో ఒకరికి చెప్పేయండి. పియానోలు మోయక్కర్లేదు.

బడి అమీర్‌పేటలో ఒక పెంకుల కొట్టంలో మొదలైంది. మఖ్మల్ కుర్చీల కాళ్లు మిస్త్రీ చాచా సగానికి కోశాడు. మొదటి రోజు తొమ్మిది మంది ఆడపిల్లలు వచ్చారు. నలుగురు చదువుకోవడానికి, అయిదుగురు మఖ్మల్ ముట్టుకోవడానికి. టీచరమ్మ అందరినీ పుస్తకంలో రాసుకుంది. బడికి ఒక గుమాస్తా కావాలని తెలిసి నేను దరఖాస్తు రాసి పట్టుకెళ్లాను. ముందురోజు కూర్చుని, నాకొచ్చిన పెద్ద పెద్ద మాటలన్నీ వేసి రాశాను.

ఆమె ఎర్ర సిరా కలం తీసి, నా ముందే చదివింది. రెండు వత్తులు సరిచేసింది. ఒక దీర్ఘం కొట్టేసింది. "నాకు నిజాయితీ కలదు" అన్న వాక్యం దగ్గర ఆగి, నా ముఖం చూసి, "కలదు" ముందు చిన్న అక్షరాలతో "ఆలస్యంగా" అని రాసింది. తర్వాత కింద సున్నా చుట్టి, దాంట్లో పదికి నాలుగు వేసి, కాగితం నా చేతికిచ్చింది.

"ఉద్యోగం ఇచ్చాను. దరఖాస్తు మాత్రం మళ్లీ రాసుకురా."